బీరువాలో మాత్రలున్నాయి, అమ్మాయిలే రారు

సంపాదకులు గారికి, నమస్కారం.

శరణార్థుల దినం సందర్భంగా మీ పత్రికలో వచ్చిన ప్రత్యేక కథనం చదివాను. తిండి, నీళ్లు, గుడారాలు, బడులు అన్నీ ప్రస్తావించారు. శిబిరాల్లో పదిహేను, పదహారేళ్లకే గర్భవతులవుతున్న అమ్మాయిల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది: అవగాహన లేక చిన్న వయసులోనే తల్లులవుతున్నారని. నా పేచీ ఆ వాక్యంతోనే. ఉత్తర ఉగాండాలోని ఒక శరణార్థి నివాస ప్రాంతంలో, ఒక సహాయ సంస్థ నడిపే ఆరోగ్య కేంద్రంలో కొన్నేళ్లు నర్సుగా పనిచేశాను. కుటుంబ నియంత్రణ గది నా బాధ్యత. నా దగ్గరికి వచ్చిన అమ్మాయిలకు గర్భం ఎలా వస్తుందో తెలుసు, రాకుండా ఉండటానికి మందులున్నాయనీ తెలుసు. ఆ మందును అమ్మ, అన్న, భర్త, పక్కింటివాళ్లు ఎవరి కంటా పడకుండా తీసుకోవడం ఎలాగో తెలియక వాళ్లు ఆగిపోయేవారు.

మీ పాఠకుల్లో చాలామంది శిబిరం అనగానే ముళ్లకంచె ఊహించుకుంటారు. ఉగాండాలో అలా ఉండదు. 2006లో చేసిన చట్టం ప్రకారం శరణార్థి తిరగవచ్చు, పని చేసుకోవచ్చు. గుడిసెకూ చిన్న సాగుకూ కాస్త నేల కూడా ఇస్తారు. 2016 జూలైలో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో పోరు మళ్లీ రాజుకున్నాక ఆ దేశం నుంచి జనం సరిహద్దు దాటి వరదలా వచ్చారు. ఆ ఏడాది ఆగస్టులో ఉత్తర ఉగాండాలో తెరిచిన బిడిబిడి నివాస ప్రాంతం డిసెంబరు నాటికే రెండున్నర లక్షలు దాటి, కొత్తవారిని చేర్చుకోవడం ఆపేసింది. 2017 ఆగస్టుకల్లా ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థులు పది లక్షలయ్యారు. వాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు, పిల్లలు. మగదిక్కు లేకుండా తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వెంటబెట్టుకుని వచ్చిన పదిహేనేళ్ల ఇంటి పెద్దలు వాళ్లలో ఉన్నారు.

ముందు దుబాసీ సంగతి చెప్పాలి. ఈ విషయం నివేదికల్లో ఎప్పుడూ చివరి పేజీలోనే ఉంటుంది. వచ్చేవాళ్లలో కొందరిది బారి భాష, కొందరిది కాక్వా, కొందరిది జూబా అరబిక్. నాకు ఏదీ రాదు. అందుకని చదువుకున్న శరణార్థి యువకుణ్ణి ఒకరిని దుబాసీగా పెట్టారు. నెమ్మదైనవాడు, పని దొంగ కాదు. అయితే ఆదివారం చర్చిలో పాటలు పాడించేదీ అతనే, రేషన్ వరుసలో మా దగ్గరికి వచ్చిన అమ్మాయి మేనమామ పక్కన నిలబడేదీ అతనే. ఒకరోజు ఒక పిల్ల వచ్చి కూర్చుంది. తలనొప్పి అంటోందని అతను చెప్పాడు. నేను పారాసిటమాల్ రాస్తున్నాను. ఇంతలో ఫోను మోగితే అతను బయటికి వెళ్లాడు. ఆ క్షణంలో ఆ పిల్ల జాకెట్టు చేయి పైకి లాగి, మోచేతికి పైన లోపలి వైపు వేలితో రెండుసార్లు తట్టింది. గర్భం రాకుండా చర్మం కింద అమర్చే సన్నని కడ్డీ, అంటే ఇంప్లాంట్, పెట్టే చోటు అది. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. అవగాహన లేదన్నారే, ఇంతకంటే ఏం అవగాహన కావాలి?

తరవాత పట్టుబట్టి, వేరే బ్లాకులో ఉండే నడివయసు ఆవిడను దుబాసీగా తెప్పించుకున్నాం. ఆవిడ పిల్లలకు పెద్దమ్మలాంటిది, పైగా వీళ్ల బంధువర్గంలో ఎవరికీ తెలిసిన మనిషి కాదు. ఆవిడ వచ్చాక తలనొప్పులు చాలావరకు తగ్గిపోయాయి.

ఇక మందుల సంగతి. బీరువాలో దాదాపు అన్నీ ఉంటాయి: మాత్రలు, ఇంజెక్షన్, ఇంప్లాంట్, కండోమ్, కాపర్ టి. ఏది మంచిదని డాక్టరును అడిగితే ఒక జవాబు వస్తుంది, ఒకే గదిలో ఏడుగురితో పడుకునే పిల్లను అడిగితే మరో జవాబు వస్తుంది. మాత్రల అట్టను రోజూ తీయాలి, రోజూ దాచాలి. ఇంట్లో ఉన్నది ఒక చాప, ఒక పెట్టె. ఆ పెట్టె తాళం అమ్మ దగ్గర ఉంటుంది. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌కు ఇంట్లో ఆనవాలు ఉండదు కాబట్టి దాన్నే ఎక్కువమంది అడుగుతారు. దానికీ ఒక చిక్కుంది. కొందరికి నెలసరి ఆగిపోతుంది. ఆరేసిన గుడ్డలు లెక్కపెట్టే తల్లి, కూతురు గర్భవతి అయిందనుకుని చేయి చేసుకున్న సందర్భం నేను చూశాను. గర్భం రాకుండా వేయించుకున్న సూదికి గర్భం వచ్చిందని దెబ్బలు! ఇంప్లాంట్ రెండు కడ్డీల రకమైతే ఐదేళ్లు, ఒంటి కడ్డీదైతే కనీసం మూడేళ్లు పనిచేస్తుంది. కాని వేలితో తడిమితే తెలుస్తుంది, భర్త తడుముతాడు కూడా. పైగా కొందరికి మొదటి నెలల్లో రోజుల తరబడి కొద్దికొద్దిగా రక్తస్రావం అవుతుంది. నీళ్లకు గంటల కొద్దీ వరుసలో నిలబడే చోట అది ఎంత నరకమో ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

సొంతంగా పొడుచుకునే ఇంజెక్షన్ ఒకటి వచ్చింది. చిన్న ప్లాస్టిక్ బుడగలో మందు, దానికే పొట్టి సూది. తొడకో పొట్టకో గుచ్చి బుడగను నొక్కితే చాలు. దీన్ని ముందుగా చేపట్టిన దేశాల్లో ఉగాండా ఒకటి. నేర్చుకున్న అమ్మాయి మూడు నెలలకోసారి మా వరుసలో నిలబడక్కరలేదు. వాడిన సూదిని ఎక్కడ పారేయాలి అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. మూత బిగించే డబ్బా ఇస్తాం సరే, ఆ డబ్బాను మళ్లీ ఎక్కడ దాచాలి?

పిల్లలకు ఇవి వేస్తే ఇక జన్మలో సంతానం కలగదన్న భయం శిబిరమంతా ఉంది. అది నిజం కాదు. ఇంజెక్షన్ మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అంతే. ఆ ఆలస్యం సంగతి ముందే చెప్పకపోతే పుకారుకు మనమే కాళ్లు ఇచ్చినట్టు. వయసు తక్కువన్న ఒక్క కారణంతో ఏ పద్ధతినీ నిరాకరించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అయినా పెళ్లి కాలేదనో, ఇంకా బిడ్డ పుట్టలేదనో వెనక్కి పంపే నర్సులున్నారు. వాళ్లను మూర్ఖులనడం తేలిక. ఉగాండా చట్టంలో పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయితో సంబంధం నేరం. మాత్ర ఇస్తే నేరానికి సాయపడ్డానంటారేమోనని నర్సు భయం, పేరు రాయిస్తే పోలీసులు వస్తారేమోనని అమ్మాయి భయం. ఈ రెండు భయాల మధ్య బీరువా తాళం పడే ఉంటుంది.

పెళ్లి కాని పిల్లలకు ఇవన్నీ ఇచ్చి చెడగొడతారా అని అడిగేవారికి ఒక మాట. నా గదికి వచ్చిన పద్దెనిమిదేళ్ల లోపువారిలో పెళ్లయినవాళ్లే ఎక్కువ. యుద్ధం నుంచి పారిపోయిన కుటుంబం కూతురికి త్వరగా పెళ్లి చేస్తుంది. తినే నోరు ఒకటి తగ్గుతుంది, కాపాడే మగవాడు దొరుకుతాడని ఆశ. ఇది ఆఫ్రికాకే పరిమితం కాదు. జోర్డాన్‌లో నమోదైన సిరియన్ల పెళ్లిళ్లలో 18 ఏళ్ల లోపు అమ్మాయిలవి 2011లో 12 శాతం, 2013 నాటికి 25 శాతం. పెళ్లయ్యాక అత్తగారి మాట ఒకటే ఉంటుంది: యుద్ధంలో ఇంతమందిని పోగొట్టుకున్నాం, ఇల్లు మళ్లీ నిండాలి. ఆవిడ దుఃఖాన్ని నేను తప్పుపట్టలేను. కాని ఆ ఇంటిని నింపే పని పదహారేళ్ల నడుం మీద పెడుతున్నారు. గర్భం, కాన్పులో వచ్చే ఇబ్బందులు 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల మరణాలకు ప్రపంచవ్యాప్తంగా ప్రధాన కారణాల్లో ఒకటి. రాత్రిపూట కాన్పు అడ్డం తిరిగితే, మట్టిరోడ్డు మీద పెద్దాసుపత్రి ఎంత దూరమో నా కళ్లతో చూశాను.

అత్యాచారం జరిగినవారి సంగతి వేరు. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్ర ఐదు రోజుల లోపల వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. పొదల్లో దాక్కుంటూ, రాత్రులు నడుస్తూ సరిహద్దు చేరేసరికే ఆ ఐదు రోజులు అయిపోయినవాళ్లు ఎందరో. వచ్చినరోజే పేరు నమోదు చేసే బల్ల దగ్గర ఒక ఆడమనిషి ఉండి, పక్కకు పిలిచి అడిగితే కొందరికైనా అందుతుంది. మూడో వారంలో అవగాహన సదస్సు పెడితే ఎవరికి ఉపయోగం?

"ముందు తిండి పెట్టండి, తరవాత ఇవి చూడవచ్చు" అనే వాదన మర్యాదస్తుల నోట కూడా వింటాను. 1994లో కైరోలో జరిగిన జనాభా, అభివృద్ధి సదస్సులోనే శరణార్థులకూ పునరుత్పత్తి ఆరోగ్య సేవలు అందాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. విపత్తు మొదలైన తొలి రోజుల నుంచే అందించవలసిన కనీస సేవల జాబితా ఒకటి అంతర్జాతీయంగా ఉంది. 2018లో సవరించినప్పుడు అవాంఛిత గర్భాల నివారణను దానిలో ఒక లక్ష్యంగా చేర్చారు. తిండికీ దీనికీ పోటీ పెట్టేవారు గమనించవలసింది ఇంకొకటుంది. రేషన్ కోసిన నెలల్లో మా గదికి వచ్చే పిల్లల మాటలు మారిపోయేవి. సబ్బుకో, నెలసరి ప్యాడ్లకో, తమ్ముడి బడి పుస్తకాలకో డబ్బిచ్చే మగవాడు ఎక్కడో ఒకడు తగులుతాడు. తిండి తగ్గినప్పుడే గర్భనిరోధకం అవసరం పెరుగుతుంది. 2025లో ఉగాండాలో దాదాపు పది లక్షల మంది శరణార్థులకు ప్రపంచ ఆహార కార్యక్రమం సాయం ఆగిపోయింది, నిధులు లేక. అదే ఏడాది బెల్జియంలోని ఒక గోదాములో ఉన్న 97 లక్షల డాలర్ల విలువైన గర్భనిరోధక సాధనాలను తగలబెట్టాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. అవి ఎక్కువగా ఆఫ్రికా దేశాల కోసం కొన్న ఇంప్లాంట్లు, ఇంజెక్షన్లు, మాత్రలు. మేం తీసుకుంటామని సంస్థలు ముందుకొచ్చినా వినలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మీ కథనం చివర విరాళాలకు పిలుపునిచ్చారు, సంతోషం. ఇచ్చే పాఠకులు ఆయా సంస్థలను కొన్ని సంగతులు అడగాలని నా కోరిక. మీ కేంద్రంలో దుబాసీ ఎవరు, ఆడమనిషేనా? అమ్మాయిల బడి వదిలాక, నీళ్లు మోసే పని అయ్యాక సాయంత్రం ఆ గది తెరిచి ఉంటుందా? కుటుంబ నియంత్రణ అని బోర్డు పెట్టిన తలుపు గుండానే వాళ్లు రావాలా, లేక జ్వరానికి వచ్చినట్టు మామూలు తలుపు గుండా రావచ్చా? తేదీలు రాసిన కార్డు కేంద్రంలోనే ఉంచుతారా, చేతికిచ్చి ఇంటికి పంపుతారా? ఇంప్లాంట్ పెట్టేవారు సరే, వద్దనుకున్న రోజు దాన్ని తీసేవారు ఉన్నారా? ఈ చివరి ప్రశ్నకు చాలాచోట్ల నీళ్లు నములుతారు. పెట్టడానికి శిక్షణ శిబిరాలు జరుగుతాయి, తీయడానికి మనిషి ఉండడు. తీయించుకోలేని ఒక్క పిల్ల కథ బ్లాకంతా పాకితే, ఆ తరవాత మరో పిల్ల చేయి చాపదు.

మీ విలేఖరులు ఈసారి ఈ విషయం రాసేటప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని మార్చమని మనవి. ఆ అమ్మాయిలకు అవగాహన లేదని రాయవద్దు. వాళ్లకు తలుపు వేసుకునే గది లేదని రాయండి.

ఇట్లు,
విశ్రాంత నర్సు
(పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను)