చేతిరంగుల కార్డులో రంగు లేని ముఖాలు

గౌరవనీయులైన కేంద్ర గనుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఇంట్లో ఒక పాత పోస్టుకార్డు ఉంది. కోలారు బంగారు గనులది. నలుపు తెలుపు ఫొటో మీద చేత్తో రంగులు అద్దారు. ఆకాశానికి నీలం, గని మీది ఇనుప చట్రానికి ఎరుపు, నేలంతా పచ్చిక. అద్దినవారు ఆ ఊరు చూసి ఉండరు. గనుల పక్కనున్న మారికుప్పం దగ్గర అంత పచ్చగడ్డి ఎక్కడిది? ముందు వరసలో నిలబడ్డ కూలీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రంగు అయిపోయినట్టుంది. తలపాగాలు, ముఖాలు, చేతులు అన్నీ ఒకే బూడిద.

మా తాత కుప్పం వైపు నుంచి ఆ గనుల్లో పనికి వెళ్ళారు. కార్డు ఆయన కంటే పాతది, అందులో ఆయన ఉండరని తెలుసు. అయినా భూతద్దం పెట్టి వెతుకుతూనే ఉంటాను.

ఆ గనులకు దక్కిన మర్యాద తక్కువేమీ కాదు. కావేరి మీది శివనసముద్రం జలపాతం కరెంటు 1902లోనే అక్కడికి చేరింది, బెంగళూరు వీధిదీపాలు 1905 దాకా ఆగాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడేలోగా తీసిన బంగారం సుమారు 800 టన్నులంటారు. ఇప్పుడు బంగారం తీశాక పారబోసిన వ్యర్థాల గుట్టల్లో, అంటే సైనైడ్ దిబ్బల్లో, మిగిలిన పొడిని కూడా వదలడం లేదు, 13 దిబ్బలను మళ్ళీ తవ్వడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. తవ్వండి, కాదనను. గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము తిన్నవాళ్ళకు అదీ ఒక ఊరటే.

నేను అడిగేది కాగితాల సంగతి. మస్టర్లు అంటే కూలీల హాజరు పట్టీలు, ప్రమాదాల రిజిస్టర్లు, గని పటాలు ఎన్ని మిగిలాయో లెక్క తీయించండి. చిత్తూరు వైపు చిగురుగుంట, బిసానత్తం, అనంతపురం వైపు రామగిరి గనులవి కూడా. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కోలారు గనుల ఊళ్ళోనే ఒక గదిలో పెట్టండి. ఢిల్లీలో వద్దు. పేర్లు తమిళం, తెలుగు, కన్నడంలో చదువుకునేలా ఉండాలి. దిగినవాళ్ళు ఆ భాషల వాళ్ళు.

గది తెరిచిన రోజు ఈ కార్డు నేనే తెచ్చి ఇస్తాను. ముందు మస్టరులో మా తాత పేరు చూసుకోనివ్వండి.

ఇట్లు,
ఒక గని కార్మికుడి మనవడు