ఆ నీలం పళ్ళెం సంగతి

స్టోక్ ఆన్ ట్రెంట్, ఇంగ్లండ్

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. చలి మొదలైంది, స్వెట్టర్లు సరిపోతున్నాయి. ఈ నెల నైట్ డ్యూటీలు ఎక్కువ వేశారు. అంతే, దాని గురించి ఇంక అడగకు.

చిన్నోడు పంపిన పళ్ళెం ఫొటోలు చూశాను. ఫోన్లో అయితే మీరిద్దరూ ఒకేసారి మాట్లాడతారు, అందుకే రాస్తున్నాను. ఆ కొంటానన్నాయన రెండొందల ఏళ్ళ పళ్ళెం, లక్షలొస్తాయి, ముందు సర్టిఫికెట్‌కి డబ్బు కట్టండి అన్నాడట కదా. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. కొనేవాడు మనకివ్వాలి గాని మనం ఎదురివ్వడమేంటి?

వెనక ముద్ర కింద "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంది చూడు, రెండొందల ఏళ్ళది కాదనడానికి అదొక్కటి చాలు. పరదేశపు సరుకు మీద ఆ దేశం పేరు ఉండాల్సిందేనని అమెరికా వాళ్ళు 1890లో చట్టం చేశారు, 1891 నుంచి అమలైంది. అక్కడికి సరుకు పంపే ఇక్కడి కంపెనీలు "ఇంగ్లండ్" అని వేయడం మామూలైంది అప్పట్నుంచే. "మేడ్ ఇన్" చేర్చింది ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దంలోనే. ముద్రలో పదిహేడు వందల చిల్లర సంవత్సరం చూసి చిన్నోడు ఎగిరాడు గాని, అది కంపెనీ పెట్టిన ఏడాది. వెడ్జ్‌వుడ్ అనే పింగాణీ కంపెనీ వాళ్ళు ఈ మధ్య చేసిన కప్పుల మీద కూడా 1759 అని వేశారు. అలాగని ఆ కప్పు అప్పటిదైపోతుందా?

ఇక పళ్ళెం మీద బొమ్మ: వంతెన, విల్లో చెట్టు, పైన రెండు పిట్టలు. ఆ బొమ్మ చైనా తరహాదే గాని పుట్టింది ఇంగ్లండ్‌లో, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. తర్వాత ఎన్ని కంపెనీలు వేశాయో లెక్కలేదు. ఇక్కడ పాత సామాన్ల కొట్లలో దొంతర్లు పెట్టి అమ్ముతారు.

ఇదంతా నాకెలా తెలుసంటావా? నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దావిడ ఉంది. పెళ్ళికి ముందు నుంచీ పింగాణీ ఫ్యాక్టరీలో కప్పుల మీద పువ్వులకి రంగులు వేసేదట. మధ్యాహ్నం భోజనానికి ప్లేటు పెట్టగానే తిరగేసి చూస్తుంది, ఒక్కోసారి గ్రేవీతో సహా. మొదట్లో మతిమరుపు అనుకున్నాను. కాదు, ఇది పింగాణీ ఫ్యాక్టరీల ఊరు కదా, ఇక్కడ చాలామందికి ఆ అలవాటు ఉంది. హోటల్‌కి వెళ్ళినా ఇంతే, ప్లేటు అడుగు చూసి మన ఊరిదా కాదా అని తేల్చుకుంటారు. ముద్ర పక్కన చిన్న రంగు గీత గాని, అంకె గాని ఉంటే నా వేలు పట్టుకుని దాని మీద పెడుతుంది. అది కంపెనీది కాదట, రంగు వేసిన మనిషి గుర్తు. పీసుకింత అని కూలీ కాబట్టి ఎవరివెన్ని అని లెక్క తెలియాలి కదా. ఆవిడ గుర్తు ఏదో చెప్పమంటే చెప్పదు, నవ్వుతుంది. కూతురు లండన్‌లో ఉంటుంది, రావడం తక్కువ. నేను వెళ్ళి కూర్చుంటే ఆవిడకీ బాగుంటుంది, నాకూ బాగుంటుంది.

మామ్మకి మాత్రం ఇవేవీ చెప్పకండి. వాళ్ళ తాతకి కలెక్టరు దొర బహుమతిగా ఇచ్చాడనే ఆవిడ నమ్మకం. నాకనిపించేది వేరు. ముత్తాత బర్మాలో, రంగూన్ రైస్ మిల్లులో చేశాడు కదా, అక్కడ కొని ఓడలో తెచ్చి ఉంటాడు. 1942లో జపాన్ వాళ్ళ బాంబులకి భయపడి నడిచొచ్చినప్పుడు పళ్ళాలు మోసుకురాడుగా, అంతకు ముందే ఎప్పుడో సెలవుకి వచ్చినప్పుడు. దొర ఇచ్చినదానికంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఆ పళ్ళెం అమ్మొద్దనేది అందుకే.

చింతపండు పెట్టి తోమకు అమ్మా. నీలం రంగు గ్లేజు, అంటే పైన గాజులాంటి పూత, దాని కింద ఉంది, దానికేం కాదు, అంచున బంగారు గీత పోతుంది. గోరువెచ్చటి నీళ్ళు చాలు.

అటక మీద మూత పగిలిన గిన్నె ఇంకొకటి ఉండాలి. దాని అడుగున వజ్రం ఆకారపు ముద్ర, నెత్తిన చిన్న సున్నాలో రోమన్ నాలుగు (IV) ఉందేమో చూడమను. ఉంటే ఆ డిజైను 1842, 1883 మధ్య రిజిస్టర్ చేసినట్టు. వజ్రం పై మూలలో అక్షరం ఉంటే 1867 లోపు, అంకె ఉంటే 1868 నుంచి. అప్పుడు మాత్రం నాకు నిద్ర పట్టదు. చిన్నోణ్ణి మళ్ళీ అటక ఎక్కించు, నువ్వు ఎక్కకు, మోకాళ్ళు జాగ్రత్త.

సంక్రాంతికి రాలేను. పిన్ని అన్న మాట నాకు తెలిసింది. డబ్బు మీద ఆశతో కాదు, సెలవు ఇవ్వలేదు, అంతే. వేసవికి టికెట్ చూస్తున్నాను, మళ్ళీ ఆ పెళ్ళి సంబంధం ఊసెత్తితే అదీ మానేస్తాను. ఊరికే అన్నాలే, వస్తాను.

డబ్బు వేశాను. ముందు నాన్నకి షుగర్ టెస్టు చేయించు, ఫ్రిజ్ సంగతి తర్వాత. ఫొటో పగటి వెలుతురులో తీయమను, ఫ్లాష్ పడితే అక్షరాలు కనపడవు. ఆ కొంటానన్నాయన నంబరు బ్లాక్ చేయమను.

నీ పెద్దది