ఆదివారం షట్టరు తీయం, డిసెంబరైనా సరే

మన బేకరీకి వచ్చేవారందరికీ వందనాలు.

పోయిన వారం ఒక చర్చి సంఘంవారి సెమీ క్రిస్మస్‌కి (క్రిస్మస్‌కి ముందుగా జరుపుకునే వేడుకకి) ఒప్పుకున్న ప్లమ్ కేకులు ఇవ్వలేకపోయాం. అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేశాం. ఆ సంగతి మన గుంటూరు బ్రాడీపేటలో నోటికొక రకంగా తిరుగుతోంది కాబట్టి, జరిగింది జరిగినట్టు మీకు చెప్పాలనిపించింది.

మా ప్లమ్ కేకులో రమ్ము పోయం, అది మీకు తెలుసు. కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీ, నారింజ తొక్క ముందుగానే ద్రాక్షరసంలో నానాలి. అందుకే ఎండుపళ్ళకి సప్లయర్‌కి డబ్బు ముందే కట్టాం. రేపు వస్తుందన్నాడు, లారీ ఎక్కిందన్నాడు, చిలకలూరిపేట దాటిందన్నాడు. అలా శనివారం సాయంత్రం దాకా లాగాడు. తీరా అట్టపెట్టె విప్పితే కిస్‌మిస్ తొడిమలతో సహా ముద్దకట్టి ఉంది, పుల్లటి వాసన. చెర్రీ పాకం కారి అడుగంతా జిగురు. ఆ సరుకు మీ పిల్లల నోటికి ఎలా పెడతాను? వెనక్కి పంపించేశాను. రాత్రి బాగా పొద్దుపోయాక మంచి సరుకు తెచ్చి దింపి, ఒక మాట అన్నాడు: "రసంలో వేసి మరిగించేయండి, రేపంతా ఓవెన్ నడపండి, సోమవారానికి అందిపోతుంది. ఒక్క ఆదివారానికి దేవుడేమీ అనుకోడులెండి."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పిండి, వెన్న కొని ఉన్నాయి. కేకులు చేసే మాస్టారు, కుర్రాళ్ళు డబుల్ కూలికి సిద్ధంగా ఉన్నారు. ఆర్డరిచ్చింది సంఘమే కదా, ఇదీ దేవుని పనే కదా అని మనసు సర్దిచెప్పబోయింది. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ సర్దుబాటే. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు సంఘం ప్రభువు రాకడను తలచుకుంటుంది. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి సరిగ్గా ఆ నాలుగు ఆదివారాలే ఓవెన్ ముందు గడిచిపోతాయి. ఆయన పుట్టిన రోజు పేరు మీద ట్రేలు లెక్కపెట్టుకుంటూ, ఆయన మాట వినడానికి గంట తీరిక లేకపోతే ఈ కేకు ఎవరి కోసం? బైబిల్లో మార్త కూడా తన ఇంటికొచ్చిన యేసయ్యకే వంట చేస్తోంది, అయినా ఆమె తొందరను ఆయన మెచ్చుకోలేదు.

పని తప్పని నేననను. కొరింథులో అపొస్తలుడైన పౌలు అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు. అపొస్తలుల కార్యములు 18లో ఆ వచనం పక్క వచనమే చూడండి, ప్రతి విశ్రాంతిదినాన యూదుల సమాజమందిరంలో ఉన్నాడు. యెరూషలేములో విశ్రాంతిదినాన బేరాలు సాగుతుంటే అక్కడి అధిపతి నెహెమ్యా పట్టణపు గుమ్మాల తలుపులు వేయించాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయటే పడుకున్నా తీయలేదు. నా షట్టరు నేను వేసుకోవడానికి ఆ పాటి ధైర్యం చేయలేనా? ఆదివారం మా మాస్టారితో సహా అందరం ఆరాధనకి వెళ్ళాం, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడంలో) పాలుపొందాం.

మా నాన్నగారి రోజుల నుంచి కొంటున్న ఒక పెద్దాయన, "మీ భక్తికి మా ఫంక్షన్ పాడైంది" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కానీ అయ్యగారూ, పాడుచేసింది ఆదివారం కాదు, డబ్బు తీసుకుని మంచి సరుకు వేళకి ఇవ్వనివాడు. అతనితో లెక్క తేల్చేసుకున్నాం. ఇకమీదట ఎండుపళ్ళు నేనే మార్కెట్‌కి వెళ్ళి, వాసన చూసి, తూకం వేయించి తెస్తాను.

మీకు ఇబ్బంది ఉండదు. ప్లమ్ కేకు నాలుగు రోజులున్నా పాడవదు, శనివారం రాత్రి తొమ్మిదిలోపు తీసుకెళ్ళండి. క్రీమ్ కేకు మాత్రం తీసుకెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద ఆర్డర్లు చేతిలో సరుకు ఉంటేనే ఒప్పుకుంటాం. ఆదివారం ఫోన్ కూడా ఎత్తను, ఏమీ అనుకోవద్దు. ఆర్డరు పోగొట్టుకున్న ఆ సంఘంవారికి న్యూ ఇయర్ కేకులు పాత రేటుకే ఇస్తానని అక్కడి పాస్టరమ్మగారికి కబురు పెట్టాను. వారు ఒప్పుకుంటే సంతోషం, ఒప్పుకోకపోయినా ఆదివారం విషయంలో మాత్రం నా మాట మారదు.