పాలకొల్లు అత్తకి పరుపు పంపే ముందు

సఖినేటిపల్లి,
ఆదివారం సాయంత్రం

చిన్నా,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు "అత్తకి కూడా అదే పరుపు ఆర్డర్ పెట్టేస్తున్నానమ్మా" అంటే నేను గబుక్కున "వద్దు" అనేశాను. నువ్వు కాసేపు మాట్లాడలేదు. మా వదిన మీద నాకేదో ఉందనుకుని ఉంటావు. లేదురా. ఆవిడకీ నాకూ ఉన్న లెక్కలు వేరు, అవి పరుపుల దాకా రావు. ఫోనులో చెబితే సగం నువ్వు వింటావు, సగం మీ ఆఫీసు వాళ్ళు వింటారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది పూర్తిగా చదివే దాకా ఆ బటన్ నొక్కకు.

ముందు నువ్వు నాకు పంపిన మెమరీ ఫోము పరుపు సంగతి. ఎలా ఉందని నువ్వు అడిగినప్పుడల్లా "బాగుంది నాన్నా" అన్నాను. మొదటి కొన్ని వారాలూ నిజంగానే బాగుంది. ఆ తర్వాత నువ్వు బాధపడతావని అన్నాను.

అది వచ్చిన తీరే ఒక కథ. కొరియర్ వాళ్ళు ఏరు దాటలేమని నరసాపురంలోనే దింపేసి ఫోన్ చేశారు. మీ నాన్న ట్రక్కు ఆటో మాట్లాడుకుని, పంటు ఎక్కించి వశిష్ఠ గోదావరి దాటించారు. పంటు మీద ప్రతివాళ్ళూ "ఏంటండీ అది, ఫ్రిజ్జా?" అని అడగడమేనట. చుట్టి గాలి తీసేసిన పరుపు అంటే ఒక్కళ్ళూ నమ్మలేదు. ఇంటికొచ్చి కవరు కోసేసరికి ఉస్సుమంటూ పొంగడం మొదలెట్టింది. పూర్తిగా పది అంగుళాలకి లేవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కొత్తగా రంగేసిన గది వాసన. నేను అలవాటు కొద్దీ అరుగు మీద ఎండలో వేయించబోయాను. దాంతో వచ్చిన కాగితంలో ఎండ తగలనివ్వొద్దని రాసి ఉంది. నిజమే, ఈ ఫోము పాలియురితేన్, ఎండకి పసుపెక్కి పెళుసుబారిపోతుంది. మా అమ్మ ఇచ్చిన బూరుగు దూది పరుపుకి నెలకోసారి ఎండ చూపించకపోతే ముద్ద కట్టేసేది. 1996 తుఫానులో తడిసి పాడయ్యే దాకా దాన్ని అలాగే కాపాడాను. దీనికేమో ఎండే శత్రువు. వసారాలో నీడన ఫ్యాన్ కింద పెట్టాం.

అట్టపెట్టె మీద రాకెట్ బొమ్మ ఒకటి, నాసా ఫోము అని. అది చూసి మీ నాన్న "చంద్రుడి మీద పడుకునేదా ఇది" అన్నారు. రాకెట్ కాదు గానీ నాసా మాట నిజమే. 1966లో నాసా వాళ్ళ ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం, విమానం సీట్లలో కూర్చున్నవాళ్ళకి దెబ్బ తగలకుండా ఉండేందుకు ఈ ఫోము తయారు చేశారు. పరుపుల్లోకి చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. దాని గుణమల్లా ఒంటి వేడి తగిలిన చోట మెత్తబడి అణగడం, తీశాక నెమ్మదిగా మళ్ళీ లేవడం. పెట్టెలో అరచేతంత శాంపిల్ ముక్క ఒకటి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని, ఊరుకుంటానా. దాన్ని ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి తీశాను. బిర్రబిగుసుకుపోయింది, వేలు దిగలేదు. అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంటే కాసేపటికి మైసూర్‌పాకు ముక్క నెయ్యి వదిలినట్టు మెత్తబడింది. నా కష్టమంతా ఆ ముక్కలోనే ఉందని అప్పుడు తట్టలేదు.

ఉగాది ముందు రాత్రులు చల్లగా ఉన్నాయి, ఫోము కాస్త బిగువుగా ఉంది. నేను పక్కకి తిరిగి పడుకునేదాన్నని నీకు తెలుసు. అలా పడుకుంటే బరువంతా భుజం ఎముక మీదా తుంటి ఎముక మీదా పడుతుంది. మన పాత కొబ్బరి పీచు పరుపు మీద రాత్రి రెండింటికల్లా తుంటి సలుపు మొదలయ్యేది. నీ పరుపు మీద ఆ రెండు చోట్లా మెత్తగా దిగి, బరువు ఒళ్ళంతా సర్దుకునేది. సలుపు తగ్గింది. అది అబద్ధం కాదు.

చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చింది. ఇక్కడి ఉక్క నీకు చెప్పక్కర్లేదు. ఒంటి వేడికి గది వేడి తోడయ్యేసరికి ఫోము ఇంకా మెత్తబడి, నేను ఇంకా లోపలికి దిగిపోయేదాన్ని. ఒంటిని చుట్టూ కరుచుకుంటుంది కదా, గాలి ఆడదు. కరెంటు పోయిన రాత్రయితే వీపంతా నీళ్ళే. జెల్ పొర ఉంది, చల్లగా ఉంటుందని రాశారు. చల్లగానే ఉంటుంది, పడుకున్న పావుగంట.

దానికన్నా పెద్ద టెన్షన్ లేవడం. పక్కకి తిరగాలంటే గుంటలోంచి పైకెక్కినట్టు. అర్ధరాత్రి బాత్రూమ్‌కని లేస్తే, అంచు మీద చెయ్యి ఆనించగానే చెయ్యి లోపలికి దిగిపోతుంది. ఆనుకోడానికి గట్టిగా ఏదీ ఉండదు. పైగా మన మంచం 14 అంగుళాలు, దాని మీద నీ పరుపు 10. అంచున కూర్చుంటే నా పాదాలు నేలకి అందవు. గుజ్జు అరిగిన మోకాళ్ళతో జారుతూ దిగడం, చీకట్లో. ఒకరోజు తూలి గోడ పట్టుకున్నాను. మీ నాన్న లేచి లైటు వేసి ఏమీ అనకుండా నిలబడ్డారు. మర్నాడు ఆ పరుపు నీ గదిలోకి వెళ్ళిపోయింది.

వెనక్కి పంపుదామనుకున్నాం. నూరు రాత్రుల ట్రయల్ అన్నారుగా. ఫోన్ చేస్తే మీ పిన్‌కోడ్‌కి పికప్ లేదన్నారు. తెచ్చేటప్పుడు నరసాపురంలో వదిలేసినవాళ్ళు తీసుకెళ్ళడానికి ఏరు దాటతారా? పోనీలే, సంక్రాంతికి నువ్వూ కోడలూ పడుకుందురుగాని. మీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి మీకు నచ్చుతుంది.

ఆ తర్వాత మోకాళ్ళు చూపించుకోడానికి భీమవరం వెళ్ళాం. డాక్టరుగారు ఫిల్ము చూసి, అరిగిన గుజ్జు ఏ పరుపు మీద పడుకున్నా తిరిగి రాదనీ, తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం రోజూ చేయమనీ చెప్పారు. పరుపు చేయగలిగిందల్లా రాత్రి నొక్కుడు తగ్గించడం. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమన్నారు. వెల్లకిలా పడుకుని మోకాలి కింద ఎప్పుడూ దిండు ఉంచుకోవద్దన్నారు, అలవాటైతే కాలు పూర్తిగా చాపడం కష్టమవుతుందట. వెల్లకిలా తిరిగినప్పుడల్లా నేను ఇన్నేళ్ళూ చేసింది సరిగ్గా అదే.

గట్టి మంచమే మంచిదని మీ నాన్న వాదన తెలుసుగా, ఆయన చాప మీద పడుకుని పెరిగిన మనిషి. అదీ అడిగాను. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి గట్టి పరుపు, ఇంకో జట్టుకి మధ్యరకం గట్టిది ఇచ్చి 90 రోజులు చూశారట. మధ్యరకం వాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అది నడుం నొప్పి వాళ్ళ మీద చేసిందే గానీ మోకాళ్ళ మీద కాదు, ఆ మాటా డాక్టరుగారే చెప్పారు. మీ నాన్న దారంతా "స్పెయిన్ వాళ్ళు చాప చూశారా" అంటూనే ఉన్నారు.

వస్తూ వస్తూ ఒక పరుపుల కొట్టు దగ్గర ఆగాం. ఈసారి పరుపు కాదు, టాపర్. పాత పీచు పరుపు ఎక్కడా గుంట పడలేదు, గట్టిగా ఉంది. కావలసిందల్లా దాని మీద మెత్తటి పొర ఒకటి. నాలుగు అంగుళాలది తీసుకోండి మేడమ్, సుఖంగా ఉంటుందన్నాడు అబ్బాయి. సుఖం సంగతి నాకు బాగా తెలిసొచ్చింది, రెండు అంగుళాలదే చూపించు అన్నాను. డెన్సిటీ ఎంత అంటే 50 అన్నాడు. అంటే ఘనపు మీటరుకి 50 కిలోలు. ఇది గట్టితనం కాదు నాన్నా, చాలామంది అక్కడే పొరబడతారు. ఫోము ఎంత చిక్కగా ఉందో, ఎన్నాళ్ళు అణగకుండా ఉంటుందో చెప్పే లెక్క.

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండు అంగుళాల మందం. బిల్లు పుస్తకం వెనకాల లెక్క వేశాను. 50 డెన్సిటీ అయితే నాలుగుంపావు కిలోలు తూగాలి. "గలీబు తీసి తూయించు బాబూ" అన్నాను. వాడు నా మొహం చూశాడు. పక్క కిరాణా కొట్లో బియ్యం బస్తాలు తూచే కాటా ఉంది. చుట్టి దాని మీద పెడితే రెండు కిలోల ఏడు వందలు. అంటే 32 కూడా లేదు. ఓనరు లోపల్నించి వచ్చి, అది వేరే మాలండీ, పొరపాటున తీశాడండీ అని ఇంకోటి తెప్పించాడు. అది నాలుగు కిలోల రెండు వందలు తూగింది. అప్పుడు కింద మన పరుపులాంటి పీచు పరుపు వేయించుకుని, టాపర్ పరిపించుకుని, చెప్పులు విప్పి, పక్కకి తిరిగి పావుగంట పడుకున్నాను. అరచెయ్యి నొక్కి చూస్తే ఏమీ తెలియదు. తుంటి చెప్పాలి, అదీ కాసేపు ఆగి చెబుతుంది. మీ నాన్న సిగ్గుపడి రోడ్డు మీదకి వెళ్ళిపోయారు. 3,800 ఇచ్చాను.

మూడు వారాలైంది. భుజం, తుంటి సలపట్లేదు. పక్కకి తిరగడం తేలిగ్గా ఉంది, కింద పీచు పరుపు ఆపుతుంది కదా. మంచం ఎత్తు మొత్తం 20 అంగుళాలైంది, కూర్చుంటే ఒకటి రెండు అణుగుతుంది. నా మోకాలి మడత నేల నుంచి 17. కూర్చునేది మడత కన్నా కొంచెం ఎత్తులో ఉంటే లేవడం సులువు, పాదాలు మాత్రం పూర్తిగా నేలకి ఆనాలి. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. వ్యాయామం చేస్తున్నాను, అడక్కు. ఉక్క కొంచెం ఉంది గానీ రెండు అంగుళాలే కాబట్టి ఓర్చుకోవచ్చు, పైన నూలు దుప్పటి రెండు మడతలు వేస్తున్నాను. వానలు పడ్డాక వారానికోసారి ఎత్తి గోడకి ఆనిస్తున్నాను. మన గదుల చెమ్మకి అడుగున బూజు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఇప్పుడు మీ అత్త. ఆవిడ పడుకునేది నవారు మంచం మీద. నవారు మధ్యలో జారి ఉయ్యాలలా అయింది. దాని మీద ఎంత మంచి ఫోము వేసినా అదీ ఉయ్యాలే అవుతుంది, కింద గుంటని టాపర్ పూడ్చదు. డాబా మీద గది, సాయంత్రం ఏడింటికి కూడా గోడలు కాలుతూ ఉంటాయి. మనిషి నాకన్నా భారీ. పది అంగుళాల పరుపులో ఆవిడ దిగితే లేపడానికి ఇద్దరు కావాలి.

అసలు మాట ఇది కాదు. పోయిన నెల వెళ్ళినప్పుడు పొద్దున్నే ఆవిడ నాకు కాఫీ ఇచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకోలేదురా. రెండు అరచేతుల మధ్య నొక్కిపెట్టి తెచ్చింది. వేళ్ళ మూలాల దగ్గర కణుపులు వాచి ఉన్నాయి, రెండు చేతులకీ. ఎప్పటికి వంగుతాయి వదినా అంటే, "పది దాటాక కాస్త కదుల్తాయిలే" అంది. నాకు పొద్దున్న మోకాళ్ళు పట్టేస్తే పది నిమిషాల్లో వదులుతాయి. ఆవిడకి గంటలు పడుతోంది. అది అరుగుదల లక్షణంలా లేదు, కీళ్ళవాతంలా ఉంది, రుమటాయిడ్ అంటారే, అది. దానికి రక్తపరీక్షలు చేయించి మందులు మొదలెట్టాలి. ఆలస్యమైతే కీళ్ళు వంకర్లు తిరిగిపోతాయి, ఆ తర్వాత మందులతో తిన్నగా కావు. నువ్వు పరుపు పంపావనుకో, మేనల్లుడు పంపాడని సంబరపడి, దాని మీద పడుకుని, ఇంకో ఏడాది డాక్టరు దగ్గరికి వెళ్ళదు. నేను చెబితే వినదు, నేను చెప్పింది కాబట్టి వినదు. నువ్వు చెబితే వింటుంది.

అందుకని ఆ డబ్బు అలాగే ఉంచి, వచ్చే శుక్రవారం సెలవు పెట్టి రా. పాలకొల్లులో దిగి, ఆవిడని వెంటబెట్టుకుని భీమవరం తీసుకెళ్ళు. కీళ్ళవాతం చూసే డాక్టరుకే చూపించాలి. పొద్దున్న పూటే వెళ్ళండి, వాపు ఆయన కళ్ళారా చూడాలి. పెన్షన్ కాగితాలకి సంతకం పెట్టించాలనో ఏదో చెప్పి బయల్దేరదీయి, పరుపు మాట ఎత్తకు. తిరిగొచ్చాక మంచం కొలిచి రా. పొడవు, వెడల్పు, నేల నుంచి నవారు దాకా ఎత్తు. ఆవిడ మోకాలి మడత ఎత్తు కూడా. నవారు బిగించడానికి మనిషిని నేను మాట్లాడతాను.

ఇట్లు,
అమ్మ

తా.క.: మధ్యాహ్నం భోజనం అయ్యాక మీ నాన్న నీ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరేసుకుంటున్నారు. నాలుగింటి దాకా రారు. చాప గురించి ఆయన్ని ఏమీ అడక్కు.