రోగి ఎదుట కూర్చోవడం తెర మీద రాదు

సంపాదకులకు,

సైకియాట్రీ పీజీ విద్యార్థులు రోగుల ఇంటర్వ్యూలను కూడా వీడియో కాల్‌లోనే పూర్తి చేయవచ్చంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకురాలిని.

ఆన్‌లైన్ బోధనంటే నాకు విముఖత లేదు. అది కరోనాతో పుట్టిందీ కాదు. అమెరికాలోని నెబ్రాస్కాలో 1959లోనే రెండువైపులా కనిపించే టీవీతో వైద్య విద్యార్థులకు రోగులను చూపించారు. లిథియం అనే మందు మోతాదులు, జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఐసీడీ-11 వర్గీకరణ లాంటివి రికార్డు చేసిన పాఠంలో హాయిగా నేర్చుకోవచ్చు. అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్లీ వినొచ్చు.

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్, అంటే రోగి తీరు, మాట, ఆలోచన, మనఃస్థితి గమనించే పరీక్ష, అలా వచ్చేది కాదు. తెర మీద కనిపించేది భుజాల పైభాగమే. భ్రమలు, భ్రాంతులు తగ్గించే యాంటీసైకోటిక్ మందు పడక రోగి బల్ల కింద కాళ్లు ఆపకుండా కదుపుతుంటే విద్యార్థికి తెలియదు. అది అకథీసియా, అంటే మందు వల్ల కుదురుగా ఉండలేకపోవడం. మొహంలో కంగారు మాత్రం చూసి ‘ఆందోళన’ అని రాసుకుంటాడు. మందు తగ్గించాల్సిన చోట పెంచే ప్రమాదం ఇక్కడే ఉంది. కండరాల బిగువు చెయ్యి పట్టుకుని వంచి చూస్తే గానీ తెలియదు. ఇక చూపు సంగతి: రోగి డాక్టరు ముఖాన్నే చూస్తున్నా, కెమెరా తెరకు పైన ఉండటంతో ఇవతలి వాళ్లకు చూపు దించుకున్నట్టే కనబడుతుంది. ‘కళ్లలోకి చూడటం లేదు’ అని కేస్ షీట్‌లో రాసేస్తే ఎలా?

అన్నిటికంటే నన్ను బాధపెడుతున్నది మౌనం. చనిపోవాలనిపిస్తోందా అని అడగ్గానే రోగి ఆగిపోతాడు. ఎదురుగా కూర్చుంటే తల వంగడం, వేళ్లు చీర కొంగునో చొక్కా అంచునో నలపడం కనిపిస్తాయి. విద్యార్థి ఓపిక పట్టి ఆగుతాడు. వీడియోలో క్షణం గడవకముందే “హలో, వినబడుతోందా?” అంటాడు. నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోతుంది. ఇది మళ్లీ మళ్లీ చూస్తున్నాను. తప్పు ఆ పిల్లలది కాదు, లైన్ తెగిందేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

అందుకే విద్యార్థి చేసిన పని నమోదయ్యే లాగ్‌బుక్‌లో వీడియో ఇంటర్వ్యూలను విడిగా చూపాలి, ముఖాముఖి చేసినవాటి లెక్కలో కలపకూడదు. దూరం నుంచి వీడియోలో వైద్యం చేసే టెలిసైకియాట్రీ తప్పకుండా నేర్పాలి, రేపు వాళ్లు చేయాల్సిన పనే అది. కానీ వార్డులో చెయ్యి తిరిగాకే. రోగి రాతపూర్వక అనుమతితో రికార్డు చేసిన ఇంటర్వ్యూను దూరాన ఉన్న సీనియర్‌తో కలిసి ఆపి ఆపి చూడటానికి ఆన్‌లైన్‌ను మించింది లేదు. ఆ రికార్డింగులు మాత్రం విద్యార్థుల సొంత ఫోన్లలోకి, వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకుండా కాలేజీలే బాధ్యత తీసుకోవాలి.

ఇట్లు,
ఒక సైకియాట్రీ అధ్యాపకురాలు