శనివారం అల్లుడితో పాటు నువ్వూ వెళ్ళు

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాటకి రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. "తాగింది ఆయన, డాక్టర్ ముందు కూర్చోవాల్సింది నేనా నాన్నా?" అన్నావు. ఫోన్లో జవాబు చెబుదామంటే మీ అమ్మ మధ్యలో అందుకుంటుంది, అందుకే రాస్తున్నా.

నీ కోపం న్యాయమే. అయితే నిన్ను రమ్మంటున్నది తప్పు నీ నెత్తిన వెయ్యడానికి కాదు, ఆయనకి కాపలా పెట్టడానికీ కాదు. 2009లో అల్లుడి కుర్చీలో కూర్చున్నది నేను, పక్క కుర్చీలో మీ అమ్మ.

నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు చెప్పలేదు. అంతకుముందు మీ అమ్మ ఎవరో ఇచ్చిన మాత్రలు పొడి చేసి, నాకు తెలియకుండా రసంలో కలిపింది. డైసల్ఫిరామ్ అంటారు, అది ఒంట్లో ఉండగా మందు తాగితే తిరగబడుతుంది. ఆ సాయంత్రం కొర్లగుంటలో ఒక క్వార్టర్ వేసుకున్నా, కాసేపటికే మొహం పండుమిరపకాయ, గుండె దడదడ, ఒకటే వాంతులు, ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఆటో అతను నేను పోయాననే అనుకున్నాడంట. బతికొచ్చాక నెల రోజులు రసం వాసన చూడకుండా అన్నంలో పోసుకోలేదు నేను. మీ అమ్మ అది చూసి వంటింట్లోకెళ్ళి ఏడ్చేది. పాపం ఆమెకేం తెలుసు. నీకూ ఎవరైనా అలాంటి మాత్రలు చేతిలో పెడతారు, తీసుకోవద్దు.

అదే మాత్ర తర్వాత డాక్టరే రాశాడు, పరీక్షలు చేయించి, నన్ను ఒప్పించి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి. పొద్దున కాఫీ అయ్యాక ఆమె చూస్తుండగా మింగాలి, "నిన్న తాగలేదు, ఈరోజూ తాగను" అనాలి, ఆమె ఒక మంచి మాట అనాలి, తర్వాత క్యాలెండర్లో టిక్కు. మొదటిరోజు నాటకంలాగా సిగ్గేసి గోడవైపు తిరిగి చెప్పా. మీ అమ్మ "సరేలే, దోసె చల్లారిపోతోంది" అంది. డాక్టర్‌కి చెబితే నవ్వి, మీ ఇంటికి అదే మంచి మాట అన్నాడు. ఆ ఏడాది టీటీడీ క్యాలెండర్ ఇంకా బీరువాలో ఉంది.

మీ అమ్మకి కష్టమైంది రెండో షరతు. పాత తాగుడు సంగతి ఇంట్లో ఎత్తకూడదు, మళ్ళీ తాగుతావేమో అనీ అనకూడదు, ఏదున్నా డాక్టర్ దగ్గరే. గుమ్మంలోనే నా నోటి వాసన చూసే మనిషి ఆమె! నోరు కట్టుకుంది. వారానికోసారి కపిలతీర్థం దాకా నడిచి, ఊరికే కూర్చుని వచ్చేవాళ్ళం. అయిదో నెలలో మాత్ర ఎగ్గొడుతూ వచ్చి, పుత్తూరులో పెళ్ళికెళ్ళి తాగేశా. ఇంటికొచ్చి నేనే చెప్పా. ఆమె తిట్టలేదు, పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసింది. నేను దాచుకోకుండా చెప్పగలిగానంటే ఆ కుర్చీ పుణ్యమే.

చెన్నైలో శాంతి రంగనాథన్ గారని, భర్తని తాగుడుకే పోగొట్టుకున్న ఆవిడ 1980లో పెట్టిన ఆసుపత్రి ఉంది, అక్కడా ఇంటివాళ్ళని వైద్యంలో కలుపుకుంటారు. అంటే నిన్నొక్కదాన్నే రమ్మనలేదు.

రోజూ తాగే మనిషి కదా, డాక్టర్ చెప్పకుండా ఇంట్లో ఉన్నపళంగా మాన్పించొద్దు, వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. రాత్రిపూట ఎవరినైనా అడగాలంటే 14446కి ఫోన్ చెయ్, డబ్బులు పడవు. ఇంకోటి, ఆయన చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టు. ఆయన లేకుండా డాక్టర్‌కి చెప్పు, నాకు చెప్పు, పిల్లోణ్ణి తీసుకుని తిరుపతి బస్సెక్కు. నన్ను చూసి మీ అమ్మ ఓర్చుకుంది కాబట్టి నువ్వూ ఓర్చుకోమని నేను చెప్పను.

శనివారం పొద్దున ఏడుకల్లా చిత్తూరులో ఉంటా. పిల్లోణ్ణి నేను చూసుకుంటా, మీరిద్దరూ వెళ్ళి రండి. వాడికి తాత వస్తున్నాడని ముందే చెప్పకు, రాత్రంతా పడుకోడు.

నాన్న