హంతకుడెవరో చెప్పేశాక ‘చదవాలా?’ అని అడగడమెందుకు?

సంపాదకులకు,

మొన్నటి ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ సాహిత్య పుటలో వచ్చిన ‘ఐదొందల పేజీలు చదవాలా?’ వ్యాసం గురించి ఈ లేఖ. కోపం తగ్గాక రాద్దామని ఇన్ని రోజులు ఆగాను. తగ్గలేదు.

ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో హత్యల పరిశోధన నవల ‘ద నేమ్ ఆఫ్ ద రోజ్’ చదవదగ్గదా కాదా అని తేల్చడానికి కూర్చున్న మీ వ్యాసకర్త మూడో పేరాలోనే హంతకుడెవరో, ఎందుకు చంపాడో, ఎలా చంపాడో చెప్పేశారు. ఆ తర్వాత చదవడం, మానడం మీ ఇష్టం అన్నారు. విస్తళ్ళు ఎత్తేశాక వచ్చి వడ్డించమంటారా అని అడగడం అంటే ఇదే. పైగా కథ రోమ్‌లో జరుగుతుందట! జరిగేది ఉత్తర ఇటలీ కొండల్లోని ఒక బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసుల మఠంలో, 1327 నవంబరు చివర, ఏడు రోజుల పాటు. నవల మొదటి పేజీలు తిప్పినా ఇది తెలుస్తుంది.

నవల పెద్దదన్న మాట మాత్రం నిజం. నేనే రెండుసార్లు వదిలేశాను. చర్చి ద్వారం మీది శిల్పాల వర్ణన పేజీలకు పేజీలు సాగుతుంది. అనువదించని లాటిన్ వాక్యాలు కాళ్ళకు అడ్డం పడతాయి. నేటి ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో ఉన్న పోపుకూ చక్రవర్తికీ తగవేమిటో, క్రీస్తుకు సొంత ఆస్తి ఉండేదా లేదా అని సన్యాసులు ఎందుకు కొట్టుకుంటున్నారో చాలాసేపు అంతుపట్టదు. మొదటి వంద పేజీలు తగ్గించమని మిత్రులు, ప్రచురణకర్తలు సలహా ఇస్తే ఎకో వినలేదు. కొండ ఎక్కేవాడు కొండకు తగ్గ ఊపిరి అలవాటు చేసుకోవాలన్నది ఆయన వాదన. మొండి మనిషి.

మూడోసారి శుక్లాల ఆపరేషన్‌కు ముందు నెలలో పట్టుకున్నాను. పరిశోధన చేసే సన్యాసి విలియం కళ్ళజోడు ఎవరో ఎత్తుకుపోతే, చేతిలోని కాగితం చదవలేక ఆయన పడే తిప్పలు చూశాక ఇక పుస్తకం కింద పెట్టలేదు. చదవాలా వద్దా అని తేల్చుకోవాలంటే వ్యాసాలెందుకు? మొదట్లోనే తప్పిపోయిన గుర్రం ఘట్టం ఉంది. గుర్రాన్ని చూడకుండానే విలియం దాని పోలికలన్నీ చెబుతాడు. అక్కడ మీకు నవ్వు రాకపోతే పుస్తకం మూసేయండి, పాపమేమీ లేదు. వస్తే, ఆ ద్వారం వర్ణన దాటేసైనా ముందుకు వెళ్ళండి.

1986 నాటి సినిమా చూస్తే సరిపోతుందన్నది వ్యాసకర్త మరో సలహా. విలియంగా షాన్ కానరీ బాగానే చేశాడు. కానీ చివర్లో కొందరి గతి మార్చేశారు. ఎవరిదో నేను చెప్పను, నాకు ఆ మాత్రం మర్యాద ఉంది.

చదవమంటే సరే, పుస్తకం దొరకాలి కదా. నా ప్రతి కోఠీ పాత పుస్తకాల దుకాణంలో కొన్నది. మా ఊరి గ్రంథాలయంలో ఆంగ్ల నవలల బీరువా తాళంచెవి ఏడాదిగా కనిపించడం లేదు. ఆ నవలలోని గ్రంథాలయంలోకి గ్రంథపాలకుడు, ఆయన సహాయకుడు తప్ప ఎవరూ అడుగుపెట్టకూడదు. ఇక్కడ గ్రంథపాలకుడి పోస్టే ఖాళీ కనుక ఆయన కూడా అడుగుపెట్టడు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మాత్రం ఏటా కడుతున్నాను. అది ఏ బీరువాలో ఉందో, దాని తాళం ఎవరి మొలలో ఉందో విలియం వచ్చినా కనిపెట్టలేడు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్నవాళ్ళం మనం! మీ సాహిత్య పుట సంగతీ చెప్పాలి. ఒకప్పుడు నిండుగా ఉండేది, ఇప్పుడు సగం నగల ప్రకటన. మిగిలిన సగంలోనైనా పుస్తకం చదివినవారి చేత రాయించండి.

ఇంతకీ నా కోపానికి అసలు కారణం మా మనవరాలు. పుస్తకాల జోలికి రాని పిల్ల నా ప్రతి తీసుకుని కథలోని ఏడు రోజుల్లో మూడవ రోజు దాకా చదివింది. అన్నం తింటూ కూడా, హంతకుడు ఫలానావాడా తాతయ్యా అని నన్ను పీడించేది. ఆ ఆదివారం మీ పేపరు చూసి, “ఓ, ఆయనేనా” అంది. పుస్తకం ఇప్పటికీ మూడవ రోజు దగ్గర బస్సు టికెట్టుతో అలాగే బల్ల మీద ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా